మ్యాపులో ఆ ఎరుపు ప్లవకమా, బురదా?

గోదావరికి వరద వచ్చి తీసిన రోజుల్లో అంతర్వేది దగ్గర పడవెక్కి సముద్రంలోకి వెళితే నీరు రంగులు మారుతూ కనిపిస్తుంది. వశిష్ఠ పాయ కడలిలో కలిసే చోట ఎర్రమట్టి నీళ్లు. ఇంకొంత దూరం పోతే ఆకుపచ్చ ఛాయ. ఒడ్డు కనుమరుగయ్యాక నీలం. వేటకు వెళ్లేవాళ్లకు ఈ తేడాలన్నీ కొట్టిన పిండే.

అవే రోజుల్లో ఉపగ్రహ డేటాతో గీసిన పత్రహరితం మ్యాపు తెరిస్తే తీరం పొడవునా ఎర్రటి పట్టీ కనిపిస్తుంది. సాధారణంగా ఆ మ్యాపుల్లో ఎరుపంటే పత్రహరితం ఎక్కువని గుర్తు. అంటే కంటికి ఆనని వృక్ష ప్లవకాలు అక్కడ దండిగా ఉన్నాయన్నమాట. పడవలో ఉన్నవాడికేమో కనిపించింది బురద. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ఈ చిక్కు విప్పాలంటే ఒకప్పుడు పరిశోధన సంస్థలో చోటు, గట్టి కంప్యూటరు, పెట్టెడు హార్డ్ డిస్కులు కావాల్సి వచ్చేది. ఇప్పుడు బ్రౌజరు, ఓ మోస్తరు ఇంటర్నెట్ ఉన్న డిగ్రీ విద్యార్థి కూడా ప్రయత్నించవచ్చు. ఆ వెసులుబాటు క్లౌడ్ కంప్యూటింగ్ వల్ల వచ్చింది. యంత్రం కష్టం తగ్గిందని లెక్కలో మెలకువ అక్కర్లేదనుకుంటే మాత్రం బురదను ప్లవకంగా చూపించే మ్యాపులు ఇంకా వేగంగా తయారవుతాయి. అందుకని నీటి రంగుతో మొదలుపెట్టి, కంప్యూటరు దగ్గరికి తర్వాత వద్దాం.

నీటికి రంగు ఎలా వస్తుంది?

ఆకాశం ప్రతిబింబించడం వల్లే సముద్రం నీలంగా కనిపిస్తుందని చాలాకాలం నమ్మారు. విశాఖపట్నంలో బడి చదువు సాగించిన సి.వి. రామన్ 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ దీన్ని పరీక్షించారు. ఒక నికల్ పట్టకంతో నీటి ఉపరితలం మీది ఆకాశ ప్రతిబింబాన్ని అడ్డుకుని చూశారు. నీలం పోలేదు. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని ఆయన తేల్చారు. దీనికి తోడు నీరు ఎరుపు వెలుగును కొద్ది మీటర్ల లోతులోనే మింగేస్తుంది. నీలం వెలుగు చాలా లోతుకు వెళ్లి, చెదిరి, కొంత పైకి తిరిగివస్తుంది. స్వచ్ఛమైన నడిసముద్రం ముదురు నీలంగా కనిపించేది అందుకే.

నీటిలో వృక్ష ప్లవకాలు చేరితే కథ మారుతుంది. ఇవి సూక్ష్మజీవులే అయినా భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం వీటిదే. వీటిలోని పత్రహరితం నీలం వెలుగును బాగా పీల్చుకుంటుంది. ఎరుపును కూడా కొంత తీసుకుంటుంది, ఆకుపచ్చను దాదాపుగా వదిలేస్తుంది. అంటే ప్లవకాలు పెరిగేకొద్దీ పైకి వచ్చే వెలుగులో నీలం తగ్గి, ఆకుపచ్చ వాటా పెరుగుతుంది.

శాస్త్రవేత్తలు రంగును పేరుతో కాక తరంగదైర్ఘ్యంతో గుర్తిస్తారు. దాని కొలమానం నానోమీటరు. పత్రహరితం ఎక్కువగా పీల్చుకునే నీలం 443 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. పెద్దగా పట్టించుకోని ఆకుపచ్చ 555 దగ్గర ఉంటుంది. ఈ రెండింటి నిష్పత్తి తీస్తే ఘనపు మీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల పత్రహరితం ఉందో అంచనా కట్టవచ్చు. క్లార్క్, ఈవింగ్, లోరెన్‌జెన్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు విమానం నుంచి సముద్రపు వెలుగును కొలిచి ఈ ఆశకు ఆధారం చూపించారు. వారి పత్రం 1970లో అచ్చయింది. ఎనిమిదేళ్లకు అదే ఆలోచన అంతరిక్షానికి చేరింది.

---

బాక్సు: సముద్రం రంగును కొలిచిన ఉపగ్రహాలు

* 1978: నాసా నింబస్-7 మీద సీజడ్‌సీఎస్. సముద్రం రంగు కోసమే తయారైన తొలి పరికరం. 1986 వరకు పనిచేసింది.
* 1997: సీవిఫ్స్. 2010 చివరి దాకా ప్రపంచ సముద్రాల పత్రహరితాన్ని కొలిచింది.
* 1999: ఇస్రో ఓషన్‌శాట్-1. మే 26న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ2 మోసుకెళ్లింది. దాని ఓసీఎం పరికరం 8 రంగు పట్టీల్లో, 360 మీటర్ల స్పష్టతతో చూసేది.
* 2002: ఆక్వా ఉపగ్రహం మీద మోడిస్.
* 2009: ఓషన్‌శాట్-2.
* 2016: ఐరోపా సెంటినెల్-3ఏ మీద ఓల్సీ. 21 పట్టీలు, 300 మీటర్ల స్పష్టత.
* 2022: ఇస్రో ఈఓఎస్-06, అంటే ఓషన్‌శాట్-3. దాని ఓసీఎం-3లో 13 పట్టీలు.
* 2024: నాసా పేస్. ఫిబ్రవరి 8న ప్రయోగించారు.

---

ఉపగ్రహానికి చేరే వెలుగులో సముద్రం వాటా ఎంత?

ఉపగ్రహం దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తుంది. దాని పరికరంలో పడే వెలుగులో సుమారు 90 శాతం సముద్రంలో నుంచి వచ్చింది కాదు. గాలి అణువులు, ధూళి, పొగ, ఉప్పు తుంపరలు చెదరగొట్టిన సూర్యకాంతి అది. అలల మీద మెరిసే ఎండ కూడా అందులో కలుస్తుంది. నీటి లోపలి కబురు మోసుకొచ్చేది మిగతా 10 శాతమే.

కాబట్టి మొదటి పని తీసివేత. కాటా మీద నెయ్యిని డబ్బాతో సహా తూచి, ఖాళీ డబ్బా బరువు తీసేస్తాం కదా, అలాంటిదే. ఇక్కడ చిక్కేమిటంటే డబ్బా 9 కిలోలు, నెయ్యి 1 కిలో. డబ్బా బరువును 5 శాతం ఎక్కువగా, అంటే 9.45 కిలోలుగా పొరపడ్డామనుకోండి. మన లెక్కలో నెయ్యి 550 గ్రాములకు పడిపోతుంది. వాతావరణం లెక్కలో చిన్న తప్పు సముద్రం లెక్కలో పెద్ద తప్పవుతుంది.

ఈ తీసివేతను వాతావరణ సవరణ అంటారు. గాలి అణువుల వాటాను భౌతిక సూత్రాలతో చాలా కచ్చితంగా లెక్కగట్టవచ్చు. ధూళి, పొగల వాటా మాత్రం రోజురోజుకీ, ఊరూరికీ మారుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఎరుపును దాటిన పరారుణ వెలుగును శుభ్రమైన నీరు పూర్తిగా పీల్చేసుకుంటుంది. ఆ తరంగదైర్ఘ్యాల్లో సముద్రం నల్లగా ఉంటుంది. కనుక అక్కడ ఉపగ్రహానికి ఏమైనా వెలుగు కనిపిస్తే అది గాలిలోని కణాలదే. దాన్నిబట్టి నీలం, ఆకుపచ్చల్లో ఆ కణాలు ఎంత వెలుగు కలిపాయో ఊహించి తీసేస్తారు.

ఈ లెక్కలన్నీ నీటిలోనే తీసిన కొలతతో సరిచూసుకోవాల్సిందే. హవాయి దీవుల్లోని లనాయి దగ్గర మోబీ అనే తేలియాడే స్తంభం 1997 నుంచి నీటిలోని వెలుగును కొలుస్తోంది. సీవిఫ్స్ కాలం నుంచీ సముద్రపు రంగు చూసే ఉపగ్రహాలు దాని కొలతతో తమ లెక్క సరిదిద్దుకుంటున్నాయి.

గోదావరి ముఖద్వారంలో లెక్క ఎందుకు తప్పుతుంది?

ఇప్పుడు అంతర్వేది ఎర్రపట్టీ దగ్గరికి రావచ్చు. అక్కడ మూడు విషయాలు ఒకేసారి జరుగుతాయి.

మొదటిది బురద. వరద నీటిలోని మట్టి రేణువులు పరారుణ వెలుగును కూడా వెనక్కి పంపుతాయి. నీరు అక్కడ నల్లగా ఉండదు. సాఫ్ట్‌వేరుకు ఆ సంగతి తెలియకపోతే ఆ వెలుగంతా గాలిలోని ధూళిదే అనుకుంటుంది. నీలంలో తీసేయాల్సిన దానికంటే ఎక్కువ తీసేస్తుంది. ఒక్కోసారి మిగిలింది సున్నా కంటే తక్కువ కూడా అవుతుంది. నీలం తగ్గింది కదా, నీలానికీ ఆకుపచ్చకీ ఉన్న నిష్పత్తి పడిపోయి పత్రహరితం ఎక్కువని లెక్క తేలుతుంది.

రెండోది నదితో వచ్చే కరిగిన సేంద్రియ పదార్థం. ఆకులు, మొక్కలు కుళ్లగా నీటిలో దిగిన పసుపురంగు సారం ఇది. ఇది కూడా నీలం వెలుగునే పీల్చుకుంటుంది. రెండే రంగుల నిష్పత్తి చూసే సూత్రానికి ఇదీ పత్రహరితమూ ఒకటే.

మూడోది నిజమైన ప్లవకమే. నది నత్రజని, భాస్వరం లాంటి పోషకాలు మోసుకొస్తుంది. బురద కాస్త తేరుకుని వెలుగు లోపలికి దిగే చోట ప్లవకాలు పెరుగుతాయి.

అంటే ఆ ఎరుపులో ముగ్గురూ ఉన్నారు. ఎవరి వాటా ఎంతన్నది రెండు రంగుల నిష్పత్తి చెప్పలేదు. నడిసముద్రంలో బాగా పనిచేసే సూత్రం తీరంలో తడబడటానికి కారణం ఇదే.

రంగులు ఎక్కువైతే గుట్టు విడుతుంది

నాసా పేస్ ఉపగ్రహంలోని ఓసీఐ పరికరం ఈ చిక్కుకు కొంత జవాబు. పాత పరికరాలు ఎంపిక చేసిన కొద్ది పట్టీల్లోనే వెలుగును కొలిచేవి. ఓసీఐ అతినీలలోహితంలో 340 నానోమీటర్ల దగ్గర మొదలుపెట్టి 890 దాకా 5 నానోమీటర్ల స్పష్టతతో దాదాపు ఎడతెగకుండా కొలుస్తుంది. ఆపైన హ్రస్వ పరారుణంలో మరో 7 పట్టీలున్నాయి. బాగా బురదగా ఉన్న నీరు కూడా ఆ దూరపు తరంగదైర్ఘ్యాల్లో నల్లగానే ఉంటుంది కనుక వాతావరణ సవరణకు అవి అక్కరకొస్తాయి.

అప్పుడు ఒక్కో చోటికి రెండు సంఖ్యలు కాక ఒక పూర్తి గీత దొరుకుతుంది. అడ్డంగా తరంగదైర్ఘ్యం, నిలువుగా నీటిలోంచి వచ్చిన వెలుగు పెట్టి గీస్తే మూడు రకాల నీళ్లకు మూడు ఆకారాలు వస్తాయి.

* నీలం నీరు: గీత ఎడమవైపు ఎత్తుగా మొదలై, ఆకుపచ్చ దాటేసరికి దాదాపు సున్నాకు దిగుతుంది.
* ప్లవకాల నీరు: 443 దగ్గర పల్లం, 560 ప్రాంతంలో మెరక, 683 దగ్గర చిన్న బుడిపె. బతికున్న ప్లవకాలు పీల్చుకున్న వెలుగులో కొంత ఎర్రటి కాంతిగా వదలడం వల్ల ఆ బుడిపె వస్తుంది. మట్టికి ఆ గుణం లేదు.
* బురద నీరు: 550 నుంచి 700 దాకా గీత ఎత్తుగానే ఉండి, పరారుణంలోనూ సున్నాకు దిగదు.

అంతర్వేది దగ్గరి ఎర్రటి పిక్సెల్‌ను ఎంచుకుని దాని గీత గీస్తే అది ఏ ఆకారానికి దగ్గరో చూడవచ్చు. రెండూ కలిసిన నీరైతే గీత మధ్యరకంగా ఉంటుంది. అయినా రంగు మ్యాపు ఒక్కటి చూసి చెప్పేదానికంటే ఇది చాలా నమ్మదగిన సాక్ష్యం. పడవలోవాడు చూసిన బురద నిజమే. మ్యాపు పూర్తిగా అబద్ధమూ కాదు. బురద ఎక్కడ అయిపోయి ప్లవకం ఎక్కడ మొదలైందో చెప్పాల్సింది ఈ గీతలే.

దీనికి చెల్లించే మూల్యం డేటా పరిమాణం. ఓసీఐ ఐదు నిమిషాల పాటు చూసింది ఒక ఫైలు. అందులో 20 లక్షలకు పైగా పిక్సెళ్లుంటాయి. ఒక్కోదానికి 150కి పైగా తరంగదైర్ఘ్యాల్లో విలువలుంటాయి. ఒక్క ఫైల్లోనే 30 కోట్లకు మించిన సంఖ్యలు. ఏడాది పొడవునా ఒక తీరాన్ని గమనించాలంటే ఇలాంటివి వందల్లో కావాలి.

డేటాను కదపకుండా పని చేయడం

పాత పద్ధతిలో ఫైళ్లన్నీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. సీడాస్ లాంటి సాఫ్ట్‌వేరు మన కంప్యూటర్లో పెట్టుకోవాలి. తర్వాత ఒక్కో ఫైలును తెరిచి కావలసిన ముక్క కత్తిరించుకోవాలి. నెట్ నెమ్మదిగా ఉన్న కాలేజీలో లెక్క మొదలవకముందే సెమిస్టరు అయిపోయేది.

క్లౌడ్ పద్ధతిలో ఈ వరస తిరగబడుతుంది. నాసా భూపరిశీలన డేటాలో పెద్ద భాగం ఇప్పుడు అమెజాన్ క్లౌడ్‌లో, అమెరికా పశ్చిమాన ఆరెగాన్ రాష్ట్రంలోని డేటా కేంద్రాల్లో ఉంది. అదే ప్రాంతంలో ఒక కంప్యూటరును గంటల లెక్కన అద్దెకు తీసుకుంటే అది డేటాకు పక్కనే ఉంటుంది. మనం ఇక్కడి నుంచి పంపేది కొద్ది వరుసల ప్రోగ్రాం. అక్కడి నుంచి తిరిగి వచ్చేది ఒక బొమ్మ, ఒక పట్టిక. గిగాబైట్ల ఫైళ్లు సముద్రాలు దాటి మన దగ్గరికి రానక్కర్లేదు. మధ్యలో నెట్ పోయినా అక్కడి కంప్యూటరు తన పని తాను చేసుకుంటూ పోతుంది.

ఇందులో మరో కిటుకుంది. ఈ డేటా ఉండే నెట్‌సీడీఎఫ్ రకం ఫైలులోని సంఖ్యలు ముక్కలు ముక్కలుగా అమర్చి ఉంటాయి. పైథాన్ భాషలోని ఎక్స్‌-అరే అనే లైబ్రరీ ఫైలు తెరిచినప్పుడు ముందు దాని వివరాలే చదువుతుంది. అసలు సంఖ్యల జోలికి అవసరం వచ్చేదాకా పోదు. గోదావరి ముఖద్వారం చుట్టూ ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న చదరం కావాలనుకుందాం. 20 లక్షల పిక్సెళ్లలో మనకు కావలసినవి కొన్ని వేలే. ఆ పిక్సెళ్లున్న ముక్కలను చదివితే చాలు. పని మరీ పెద్దదైతే డాస్క్ అనే మరో సాధనం దాన్ని ముక్కలు చేసి అనేక ప్రాసెసర్లకు పంచుతుంది.

కావలసిన ఫైళ్లను వెతకడానికి ఎర్త్‌యాక్సెస్ అనే లైబ్రరీ ఉంది. ఉపగ్రహం పేరు, తేదీలు, అక్షాంశ రేఖాంశాలు, ఎంత శాతం మబ్బు వరకు ఫర్వాలేదో చెబితే చాలు, జాబితా తెచ్చి ముందు పెడుతుంది. దీనికి ఎర్త్‌డేటా ఖాతా తెరవాలి. అది ఉచితం. డేటా కూడా ఉచితం. డబ్బు ఖర్చయ్యేది అద్దె కంప్యూటరుకే. పని అయ్యాక దాన్ని ఆపడం మరిచిపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది. మొదటి రోజే నేర్చుకోవలసిన పాఠం ఇది.

2024 ఆగస్టులో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణంలో పేస్ హ్యాక్‌వీక్ పేరిట ఒక వారం శిక్షణ జరిగింది. సముద్ర శాస్త్రం తెలిసినవాళ్లు, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు ఒకే క్లౌడ్ వేదిక మీద కలిసి పనిచేశారు. అక్కడ వాడిన జూపిటర్ నోట్‌బుక్‌లు ఎవరైనా చూసి నేర్చుకునేలా బహిరంగంగా ఉన్నాయి. నోట్‌బుక్ అంటే వివరణ, ప్రోగ్రాం, దాని ఫలితం ఒకే పేజీలో ఉండే పాఠం. ఒక్కో అంకె మార్చి చూస్తూ నేర్చుకోవచ్చు.

---

బాక్సు: డేటా లెవెళ్లు అంటే ఏమిటి?

* లెవెల్ 1: ఉపగ్రహం కొలిచిన మొత్తం వెలుగు. వాతావరణం వాటా ఇంకా అందులోనే ఉంటుంది.
* లెవెల్ 2: వాతావరణ సవరణ పూర్తయి, నీటి వెలుగు, పత్రహరితం లాంటివి లెక్కగట్టిన దశ. పిక్సెళ్లు ఉపగ్రహం చూసిన క్రమంలోనే ఉంటాయి కనుక మ్యాపు గడులకు సరిపోవు.
* లెవెల్ 3: రోజు, 8 రోజులు, నెల వారీగా కలిపి, సమాన గడుల మ్యాపు మీద పరిచినవి.

కొత్తవాళ్లు లెవెల్ 3తో మొదలుపెట్టడం మంచిది. తీరంలోని సన్నటి వివరాలు కావాలంటే లెవెల్ 2కి దిగాలి. లెవెల్ 1 జోలికి వెళ్లాల్సింది సవరణ పద్ధతినే పరీక్షించాలనుకునేవాళ్లు.

---

ఒక కసరత్తు: హుద్‌హుద్ వెళ్లిపోయాక

పాఠం చదివినంత మాత్రాన లెక్క పట్టుబడదు. ఒక ప్రశ్న పెట్టుకుని చేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. పెనుగాలి సముద్రాన్ని కలియబెడితే లోతుల్లోని చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. ఎండ తగిలితే ప్లవకాలు పెరగాలి. నైరుతి బంగాళాఖాతంలో ఈశాన్య రుతుపవన కాలంలో పెరిగే ప్లవకాన్ని తుపానులు మరింత పెంచుతాయని పి.ఎన్. వినయచంద్రన్, సిమి మాథ్యూ 2003లో ఉపగ్రహ డేటాతో చూపించారు. హుద్‌హుద్ దారిలోనూ అలా జరిగిందా అని మనమే చూడవచ్చు.

మోడిస్ ఆక్వా లెవెల్ 3, 8 రోజుల పత్రహరితం ఫైళ్లు తీసుకోండి. 2014లో సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 7 దాకా ఉన్నది తుపానుకు ముందుది. అక్టోబరు 8 నుంచి 15 దాకా తుపాను కాలం. 16 నుంచి 23 దాకా తర్వాతది. ఫైలులో ప్రపంచమంతా 8,640 నిలువు, 4,320 అడ్డు వరుసల గడులుగా ఉంటుంది. అందులో ఉత్తర అక్షాంశం 14 నుంచి 17, తూర్పు రేఖాంశం 84 నుంచి 88 మధ్య ముక్క తీస్తే 7 వేల లోపు గడులు వస్తాయి. తుపాను నడిచిన దారిలో, తీరానికి దూరంగా, లోతైన నీటిలో ఉన్న చదరం ఇది. బురద గొడవ అక్కడ ఉండదు. మూడింటికీ ఒకే రంగుల కొలబద్ద పెట్టి మూడు మ్యాపులు పక్కపక్కన గీయండి.

ఇంతవరకు యంత్రం చేసే పని. మెలకువ అవసరమయ్యేది ఇక్కడి నుంచే.

మబ్బు తొర్రలు. ఉపగ్రహం మబ్బు చాటున ఉన్న నీటిని చూడలేదు. తుపాను వారంలో మ్యాపు చాలామటుకు ఖాళీగానే ఉంటుంది. నిండిన గడులెన్నో లెక్కపెట్టకుండా సగటు తీస్తే, ముందు ఒక మూల నీటిని, తర్వాత మరో మూల నీటిని పోల్చినట్టవుతుంది. ప్రతి సగటు పక్కన ఎన్ని గడుల ఆధారంగా తీశామో రాయాలి.

సగటు మోసం. పత్రహరితం నడిసముద్రంలో 0.1 మిల్లీగ్రాము, తీరంలో 10 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. 0.1, 0.1, 10 అనే మూడు గడుల మామూలు సగటు 3.4. ఆ మూడింటిలో దేనికీ అది దగ్గరగా లేదు. లాగరిథం తీసుకుని సగటు కడితే 0.46 వస్తుంది. మధ్యస్థం 0.1. పత్రహరితం లెక్కల్లో లాగరిథం కొలబద్ద వాడేది అందుకే. మ్యాపు రంగులు కూడా దాని ప్రకారమే వేయాలి.

ఫ్లాగ్‌లు. లెవెల్ 2 ఫైల్లో ప్రతి పిక్సెల్‌తో పాటు కొన్ని హెచ్చరికలుంటాయి. నేల, మబ్బు, ఎండ మెరుపు, పక్క మబ్బు నుంచి జారిన వెలుగు, వాతావరణ సవరణ విఫలం కావడం, ఇలా. వాటిని చూడకుండా గీసిన మ్యాపులో మబ్బు అంచుల వెంట లేని ప్లవకాలు పుట్టుకొస్తాయి.

పోలిక దేనితో? అక్టోబరు చివర బంగాళాఖాతంలో ఏటా జరిగే మార్పులుంటాయి. తుపాను రాని ఏళ్లలో అదే చదరం, అదే వారం ఎలా ఉందో చూడకపోతే మామూలు మార్పును తుపాను ఖాతాలో వేస్తాం. 2002 నుంచి మోడిస్ డేటా ఉంది కనుక ఈ పోలికకు కావలసిన ఏళ్లు దొరుకుతాయి. వందల ఫైళ్లు తెరవాల్సిన ఇలాంటి చోటే క్లౌడ్ నిజంగా పనికొస్తుంది. ఒక ఏడాదికి రాసిన ప్రోగ్రామే అన్ని ఏళ్లకూ వరసగా నడుస్తుంది.

ప్రోగ్రామింగ్ అంతగా రానివాళ్లు గూగుల్ ఎర్త్ ఇంజిన్‌తో మొదలుపెట్టవచ్చు. అందులో మోడిస్ ఆక్వా సముద్ర డేటా సిద్ధంగా ఉంది. చదువుకూ పరిశోధనకూ అది ఉచితం. మన ఓషన్‌శాట్ డేటా హైదరాబాదులోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భూనిధి పోర్టల్‌లో దొరుకుతుంది.

మన తీరానికి దీనితో పనేమిటి?

హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 1999 నుంచి పనిచేస్తోంది. సముద్రపు ఉష్ణోగ్రతను, పత్రహరితాన్ని కలిపి చూసి, చేపలు గుమిగూడే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు సూచిస్తుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరం వెళ్లాలో, అక్కడ లోతెంతో ఆ సూచనలో ఉంటుంది. నీటి రంగు చేపను చూపించదు. ప్లవకాన్ని తినే చిన్న జీవులు, వాటిని తినే చేపలు అక్కడికి చేరే వీలుందని చెబుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ తర్వాత రుతుపవనాల మబ్బు. తెరిపి దొరికిన రోజుల్లో వచ్చే ప్రతి మంచి పిక్సెల్‌కూ అందుకే అంత విలువ.

హానికర ప్లవకాల విషయంలోనూ ఇది అవసరమే. అరేబియా సముద్రంలో చలికాలంలో నాక్టిలూకా అనే జీవి విపరీతంగా పెరిగి మైళ్ల కొద్దీ నీటిని ఆకుపచ్చగా మార్చేస్తుంది. పత్రహరితం ఎంత ఉందో తెలిస్తే సరిపోదు, పెరిగింది ఏ జాతో తెలియాలి. ఒక్కో జాతిలోని వర్ణకాలు వేర్వేరు తరంగదైర్ఘ్యాలను పీల్చుకుంటాయి కనుక పేస్ లాంటి పరికరాల గీతల్లో ఆ జాడ దొరికే వీలుంది. నడిసముద్రపు అతిసూక్ష్మ ప్లవకాలను వర్గాలవారీగా అంచనా కట్టే మోనా అనే పద్ధతి పేస్ డేటా కోసం ఇప్పటికే ఉంది. కానీ అది అట్లాంటిక్ యాత్రల్లో సేకరించిన నమూనాల మీద ఆధారపడి తయారైంది. గోదావరి, కృష్ణ, మహానది మంచినీళ్లు పైపొరగా పరుచుకుని ఉండే బంగాళాఖాతానికి అదే సూత్రం నేరుగా అతికించలేం. ఇక్కడి నీటిని ఇక్కడ ముంచి కొలిచినవాళ్లు కావాలి.

క్లౌడ్ తీర్చలేని కొరత అదే. డేటా ఆరెగాన్‌లో ఉంది, కంప్యూటరు అద్దెకు దొరుకుతుంది, ప్రోగ్రాములు ఉచితం. ఫలానా రోజు కాకినాడ ముందు నీరు నిజంగా ఎలా ఉందో రాసిపెట్టిన పుస్తకం మాత్రం ఎక్కడి నుంచీ డౌన్‌లోడ్ కాదు. ఖరీదైన పరికరాల సంగతి అటుంచి, 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెకీ వాడిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. 30 సెంటీమీటర్ల తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి నీటిలోకి దించి, ఏ లోతులో కనిపించకుండా పోయిందో రాసుకోవడమే. ఒక సీసాడు నీటిని వడపోసి ల్యాబులో పత్రహరితం కొలిస్తే ఇంకా మంచిది.

తీరప్రాంత కాలేజీల్లో జీవశాస్త్రం, రసాయన శాస్త్రం చెప్పేవారికి ఒక మనవి. మబ్బు లేని రోజు చూసుకుని, నెలకోసారైనా విద్యార్థులతో ఒకే చోట ఈ కొలత తీయించండి. పేస్ మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో వెళుతుంది. ఆ సమయానికి మూడు గంటలు అటూ ఇటుగా తీసిన కొలతయితే పోలికకు బాగా నిలుస్తుంది. తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం, లోతు తప్పకుండా రాయించండి. ఆ రోజు డేటా అందుబాటులోకి రాగానే అదే పిక్సెల్‌ను క్లౌడ్‌లో తెరిచి, పక్కపక్కన పెట్టి చూడమనండి. మ్యాపులోని ఎరుపును నమ్మాలో, సందేహించాలో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.